వాల్టర్ షూహార్టు

మంజీరా నదీ ప్రాంతమునందలి నాగిరెడ్డిపేట పరిసరములలో వరి పంట ముఖ్యమైనది. అట్టి చోట ఒకే మరలో, ఒకే దినమున నింపిన బియ్యపు బస్తాలను తూచినచో, వాని తూకములు సరిగా సమానముగా నుండవు. అందు ఏ తేడా సహజము? ఏది దోషమునకు గుర్తు? కర్మాగారములన్నిటిలో పుట్టెడి ఈ ప్రశ్నకు చక్కని సమాధానమును కనుగొన్నవాడు వాల్టర్ షూహార్టు.

ఆయన 1891 మార్చి 18వ తేదీన అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున న్యూ కాంటన్ అను చిన్న ఊరిలో జన్మించెను. 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునుండి భౌతికశాస్త్రమున డాక్టరు పట్టము పొందెను. మరుసటి సంవత్సరము వెస్టరన్ ఎలక్ట్రిక్ కంపెనీలో ఇంజనీరుగా చేరెను. చికాగో సమీపమున నున్న ఆ కంపెనీ కర్మాగారమున టెలిఫోను పరికరములు తయారగుచుండెను.

వస్తువు తయారైన పిమ్మట పరీక్షించి, చెడినదానిని ఏరివేయుట ఆనాటి వాడుక. కాని దానికై వ్యయమైన లోహమును శ్రమయు తిరిగి రావు. ఒక ముక్క కొంచెము పెద్దదైనంతనే యంత్రమును సవరించి, మరొకటి చిన్నదైనంతనే మరల సవరించినచో తేడాలు తగ్గుటకు మారుగా పెరుగును. ఏ తప్పును చేయని పనివాడు నిందపాలగును.

షూహార్టు ఈ తేడాలను రెండు తెగలుగా విభజించెను. అనేక స్వల్ప కారణములు కలసి కలిగించునవి మొదటివి. ఇవి ఎల్లప్పుడును ఉండును. అరిగిన పనిముట్టు, నాసిరకపు ముడిసరకు వంటి ప్రత్యేక కారణము వలన కలుగునవి రెండవవి. వీనిని వెదకి తొలగింపవచ్చును. ఈ రెంటిని వేరుపరచుటకై 1924 మే 16వ తేదీన ఆయన తన పై అధికారికి ఒక పుట లేఖను పంపెను. అందలి చిన్న చిత్రమే నియంత్రణ పటము.

దాని పద్ధతి సులభము. నిర్ణీత కాలమున కొకసారి కొన్ని వస్తువులను తీసి కొలిచి, వాని సగటును పటముపై చుక్కగా గుర్తింతురు. నడిమి గీత మొత్తపు సగటును, పైగీతయు క్రిందిగీతయు సహజమైన తేడాల హద్దులను తెలుపును. ఆ హద్దులు ఇష్టము వచ్చినట్లు గీచినవి కావు; ఆ పనిలోని కొలతలనుండియే గణించినవి. చుక్కలు హద్దుల నడుమ ఏ వరుసయు లేక చెదరియున్నచో యంత్రము జోలికి పోరాదు. చుక్క హద్దు దాటినచో వెంటనే కారణమును వెదకవలెను.

1925 మొదలు 1956 వరకు షూహార్టు బెల్ టెలిఫోను పరిశోధనశాలలో పనిచేసెను. 1931లో తన సిద్ధాంతమును గ్రంథముగా ప్రకటించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా ఆయుధ కర్మాగారములు ఈ పద్ధతిని విరివిగా వాడెను. 1950లో డెమింగు అను శాస్త్రజ్ఞుడు దీనిని జపాను ఇంజనీర్లకు బోధించెను.

అంతకు పూర్వమే, భారతదేశము స్వతంత్రమైన కొలది నెలలకే, షూహార్టు ఇచటికి వచ్చెను. కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థను స్థాపించిన మహలనోబిసు ఆహ్వానముపై 1947–48లో ఆయన మన పారిశ్రామికులకు ఈ విద్యను పరిచయము చేసెను. పిదప ఆ సంస్థ హైదరాబాదుతో సహా పలు నగరములలో నాణ్యతా నియంత్రణ కేంద్రములను నెలకొల్పెను.

1967 మార్చి 11వ తేదీన షూహార్టు మరణించెను. ఆయన గీచిన మూడు గీతలు నేటికిని కర్మాగారములలో పనివారికి తోడుగా నున్నవి. ఎప్పుడు చేయి చేసికొనవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో అవి తెలుపుచున్నవి.