నాలుగు టవళ్లు, ఒక స్టూడెంటు

పోయిన దీపావళి ముందు మా కార్ఖానా నుంచి పోయిన టవళ్ల లాటు వెనక్కి వచ్చింది. కొన్న వ్యాపారి అందులోంచి నాలుగు తీసి తూచాడట. 300 గ్రాములు ఉండాల్సినవి 289, 295, 301, 287 వచ్చాయి. సరాసరి 293. నాలుగు చూసి లాటంతా తేలికని ఎట్లా అంటారని నాయిన రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. అశోక్ చౌక్ దిక్కు ఇళ్లవాళ్లకు ఇది కొత్త ముచ్చటేం కాదు.

నేను ఎకనామిక్స్‌తో పాటు స్టాటిస్టిక్స్ పేపరు చదువుతున్నాను. సరిగ్గా ఈ ప్రశ్న పట్టుకునే పేరు తెచ్చుకున్న ఒకాయన అందులో దొరికాడు. పేరు విలియం సీలీ గాసెట్. 1876లో ఇంగ్లండులోని కాంటర్బరీలో పుట్టాడు. తండ్రి సైన్యంలో ఇంజనీరు. కొడుకూ అటే పోవాల్సింది కానీ కంటిచూపు సరిగా లేక ఆగిపోయాడు. ఆక్స్‌ఫర్డులో లెక్కలు, కెమిస్ట్రీ చదివి 1899లో డబ్లిన్‌లోని గిన్నిస్ కంపెనీలో చేరాడు. అది బీరు కంపెనీ. మేడమ్‌లు క్షమించాలి, చరిత్రను మార్చలేను కదా!

అక్కడ బార్లీ ఏ రకం మంచిదో తేల్చాలంటే నాలుగైదు మళ్ల పంటే చేతిలో ఉండేది. అప్పటి లెక్కలన్నీ వందల్లో, వేలల్లో శాంపిళ్లు ఉన్నవాళ్ల కోసం. 1906లో కంపెనీ ఆయన్ని లండన్‌లో కార్ల్ పియర్సన్ దగ్గరికి పంపింది. పియర్సన్‌కు చిన్న శాంపిళ్ల మీద పెద్ద ఆసక్తి లేదు. గాసెట్‌కు వేరే దారి లేదు.

ఆయన చేసిన పని నాకు భలే నచ్చింది. 3000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి నడిమి వేలి పొడవు కొలిచిన పట్టిక ఒకటి ఉండేది. వాటిని 3000 అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేశాడు. నాలుగే! కాగితం మీద తను కట్టిన సూత్రం ఈ గుంపులకు సరిపోతుందో లేదో చూసుకున్నాడు. తేలిందేమిటంటే, శాంపిల్ చిన్నదైతే దాని క్రమ విచలనాన్నే పూర్తిగా నమ్మలేం, అందుకని పొరపాటుకు ఇంకా ఎక్కువ చోటు వదలాలి. 1908లో ఇది అచ్చయింది. ఉద్యోగులు సొంత పేరుతో రాయకూడదని కంపెనీ నియమం, అందుకే స్టూడెంట్ అని పెట్టుకున్నాడు. మనం చదివే టీ పరీక్ష అదే.

1912లో ఫిషర్ అనే కుర్రవాడు దానికి రుజువు రాసి పంపితే, గాసెట్ తనకు అర్థం కాలేదని దాచుకోకుండా పియర్సన్‌కు పంపాడు. తర్వాత పియర్సన్‌కూ ఫిషర్‌కూ పడలేదు కానీ ఈయనకు ఇద్దరితోనూ స్నేహమే. 1926లో పియర్సన్ కొడుకు ఎగాన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఒక పరికల్పనను కాదనాలంటే దానికి పోటీగా ఇంకా నమ్మదగిన పరికల్పన చూపాలన్నది అందులో సారం. ఎగాన్, నేమన్ కలిసి కట్టిన పరీక్షా పద్ధతికి అక్కడే విత్తనం పడింది. విశ్వాసాంతరాల మీద నేమన్ పెద్ద వ్యాసం 1937లో వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 16న, 61 ఏళ్లకు, గాసెట్ పోయాడు.

ఇక మా టవళ్లు. 95 శాతం నమ్మకంతో పాత పద్ధతిలో లెక్కకడితే సరాసరి బరువు సుమారు 287, 299 మధ్య ఉండాలి. 300 బయట పడింది, లాటు తప్పు. గాసెట్ లెక్కలో 1.96 బదులు 3.18తో గుణించాలి, అంతరం 283 నుంచి 303 దాకా పోతుంది. 300 లోపలే ఉంది. ఇది నాయినకు తెలుగులో, అమ్మకు మరాఠీలో చెప్పేసరికి నా గొంతు ఎండింది. అయితే మన లాటు మంచిదని తేలినట్టేనా అని నాయిన అడిగాడు. కాదన్నాను. 285 కూడా ఆ అంతరంలోనే ఉంది మరి. నాలుగిటితో ఇటూ చెప్పలేం, అటూ చెప్పలేం.

ఆ రాత్రి లాటంతా కలిపి, చూడకుండా ఇరవై తీసి తూచాం. సరాసరి 297, క్రమ విచలనం 6. అంతరం సుమారు 294.2 నుంచి 299.8. మూడు వందలు బయటే ఉంది, కొసరంత.

నాయిన ఏమీ అనలేదు. పొద్దున నేను లేచేసరికి సాంచాల దగ్గర కూర్చుని నూలు కోన్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు.