వీరవనిత ఐడా వెల్స్

అమెరికా దేశమున మిసిసిపీ రాష్ట్రమందలి హాలీ స్ప్రింగ్స్ పట్టణమున 1862వ సంవత్సరము జూలై 16వ తేదీన, బానిసలైన నల్లజాతి దంపతులకు ఐడా వెల్స్ జన్మించెను. పసితనముననే దాస్యము తొలగినను దుఃఖము తొలగదయ్యెను. 1878లో విషజ్వరము తల్లిదండ్రులను హరింపగా, పదునాఱేండ్ల యా బాలిక పంతులమ్మయై తోబుట్టువులను సాకెను.

పిమ్మట మెంఫిస్ నగరమున పత్రికాధిపతియయ్యెను. అచ్చట ఆమె మిత్రుడు థామస్ మాస్ మొదలగువారు పెట్టిన కిరాణా దుకాణము వృద్ధినొందుట పొరుగు తెల్లవర్తకునకు కంటగింపయ్యెను. 1892లో కలహము పుట్టి, మాస్‌ను, మఱియిద్దఱిని చెఱసాలయందుంచిరి. రాత్రివేళ గుంపు వారిని వెలికి లాగి కాల్చి చంపెను. దోషులలో నొక్కడును శిక్షింపబడలేదు. ఐడా యా ఘోరమును ఖండించి వ్రాయగా, ఆమె ఊర లేని సమయమున పత్రికాలయమును ధ్వంసము చేసిరి.

ఆమె చికాగోలో స్థిరపడి, 1895లో న్యాయవాది ఫెర్డినాండ్ బార్నెట్‌ను వివాహమాడెను. ఆ యేటనే, తెల్లవారి పత్రిక ప్రకటించిన సంఖ్యలనే గైకొని, ఎందఱు ఏ నెపమున గుంపులచే చంపబడిరో పట్టికలు వేసి గ్రంథము ప్రకటించెను. తమ లెక్కను తామే కాదనుట వారికి దుర్ఘటమయ్యెను.

1909లో కైరో పట్టణమున విల్ జేమ్స్ అను నల్లవానిని గుంపు షరీఫు రక్షణనుండి లాగికొని చంపెను. ఖైదీని గుంపుపాలు చేసిన షరీఫు పదవి కోల్పోవలెనని ఇల్లినాయిస్ రాష్ట్రమున 1905 నాటి శాసనము గలదు. పదవి పోయిన షరీఫు దానిని మరల వేడగా, ఐడా కైరోకు పోయి నిజము విచారించి, గవర్నరు ఎదుట వాదించెను. షరీఫునకు పదవి మరల లభింపదయ్యెను.

1910లో చికాగో స్టేట్ వీధియందు ఆమె పఠనమందిరము నెలకొల్పెను. దక్షిణమునుండి పనికై వచ్చిన నల్లయువకులకు తక్కినచోట్ల తలుపులు మూయబడియుండగా, ఇచ్చట పుస్తకములు, బస, ఉద్యోగసహాయము దొరకెడివి. 1913లో న్యాయస్థానమున, శిక్షకు మారుగా విడువబడిన వారిని కనిపెట్టు ఉద్యోగము లభింపగా, ఆ జీతమును మందిరమునకు వెచ్చించెను.

1919 జూలై 27న మిషిగన్ సరస్సున తెల్లవాడొకడు విసరిన రాళ్ల వలన నల్లబాలుడు మునిగి చనిపోయెను. అచ్చటనున్న పోలీసు ఆ తెల్లవానిని నిర్బంధింపకుండుటచే అల్లరులు చెలరేగి, 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు మరణించిరి. ఐడా బాధితుల వాఙ్మూలములు సేకరించెను.

ధనాభావమున మందిరము 1920లో మూతపడెను. ఆమె 1931 మార్చి 25న పరమపదించెను. 2020లో పులిట్జర్ గౌరవము మరణానంతరము లభించెను. దిక్కులేనివారికి పుస్తకమును, న్యాయస్థానమున తోడును గూడ నొసగిన యీ సాధ్వి చరిత్రము గ్రంథాలయ సేవకులకెల్ల స్మరణీయము.