మౌలానా అన్వారుల్లా ఖాన్ ఫారూఖీ

మన జిమల్‌గట్ట పరిసర సీమలో ప్రాణహిత, గోదావరి నదులు చిరకాలం రెండు రాజ్యాలకు ఎల్లలుగా నిలిచినవి. 1860లో సిరోంచ ప్రాంతం నిజాము చేతినుండి ఆంగ్లేయుల ఏలుబడిలోకి వచ్చినది. భాషా బాంధవ్యాలు రెండు తీరాలనూ కలిపి ఉంచినా, ముస్లిం కుటుంబాల మతజీవనంలో ప్రభుత్వానికి గల పాత్ర మాత్రం వేరయినది. బ్రిటిషు ఇండియాలో 1864లో ప్రభుత్వ ఖాజీ పదవులను ఎత్తివేశారు. ప్రజలు ఇబ్బంది పడగా 1880లో ఖాజీల చట్టం చేసి, ప్రభుత్వం ఖాజీని నియమించవచ్చునన్నారే గాని, నిఖాకు ఖాజీ ఉండి తీరాలని విధించలేదు. ఆవలి తీరాన నిజాము రాజ్యంలో అట్లు కాదు. అక్కడ మసీదు, ఖాజీ, వక్ఫు భూమి, దేవాలయాలు సైతం ఉమూరె మజహబీ అనే ప్రభుత్వ శాఖ కనుసన్నలలో ఉండేవి. ఆ శాఖకు అధిపతియై, దానికొక క్రమం ఏర్పరచిన విద్వాంసుడు మౌలానా అన్వారుల్లా ఖాన్ ఫారూఖీ.

వారి జన్మస్థలం నాందేడ్ జిల్లాలోని కంధార్. నాడది నిజాము రాజ్యం. నేడు మన మహారాష్ట్రలోనిదే. హిజరీ 1264లో, అనగా 1848లో, ఖాజీ వృత్తిలోనున్న షుజాఉద్దీన్ గారి ఇంట జన్మించారు. బాల్యంలోనే ఖురాన్‌ను కంఠస్థం చేసి, పిదప హైదరాబాదులో ఫిరంగీ మహల్ పండితులైన అబ్దుల్ హలీం, అబ్దుల్ హై గార్ల వద్ద ధర్మశాస్త్రం అభ్యసించారు.

ఇరవై ఏళ్ళ ప్రాయంలో రెవెన్యూ శాఖలో దస్తావేజుల సారాంశం వ్రాసే కొలువు దొరికినది. ఒకనాడు వడ్డీ లావాదేవీకి సంబంధించిన దస్త్రం వారి బల్లమీదికి వచ్చినది. వడ్డీ పుచ్చుకొనడమే గాక, ఆ పత్రం వ్రాయడం కూడ ఇస్లాం ధర్మంలో నిషిద్ధమే. మౌలానా కొలువుకు రాజీనామా ఇచ్చి వెళ్ళిపోయారు. సర్కారు జీతం ఒక వంశాన్ని నిలబెట్టే ఆ రోజులలో ఇది చిన్న సాహసం కాదు. సర్కారు ఆజ్ఞకూ ధర్మాజ్ఞకూ పొత్తు కుదరనపుడు తానేవైపు నిలువవలెనో యౌవనంలోనే నిర్ణయించుకొన్న మనిషి, కడకు అదే సర్కారులో మతశాఖామాత్యుడు కావడం వారి జీవితంలోని విశేషం.

హిజరీ 1292లో (1876) మదర్సా నిజామియాను స్థాపించారు. అదే నేటి జామియా నిజామియా. అనంతరం ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్‌కు గురువైనారు. తరువాత ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్‌కు కూడ. హజ్ యాత్రకు వెళ్ళినపుడు మక్కాలో హాజీ ఇమ్దాదుల్లా గారి శిష్యత్వం పొందారు. మదీనాలో సుమారు మూడేళ్ళుండి, అచటి గ్రంథాలయాలలోని అరుదైన వ్రాతప్రతులకు నకళ్ళు సిద్ధం చేయించారు. హదీసుల మహాసంకలనమైన కన్జుల్ ఉమ్మాల్ వాటిలో ఒకటి. 1888లో ఇమాదుల్ ముల్క్ బిల్‌గ్రామీ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం గార్లతో కలిసి నెలకొల్పిన దాయిరతుల్ మఆరిఫ్ ఆ గ్రంథాన్ని అచ్చు వేసినది. హైదరాబాదు ఆసఫియా గ్రంథాలయ స్థాపనలోనూ ఈ మువ్వురి చేయి ఉన్నది.

1911లో ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన పిదప మౌలానాకు మతవ్యవహారాల శాఖ, సద్రుస్సుదూర్ పదవి లభించినవి. అనంతరం ఫజీలత్ జంగ్ అనే బిరుదు కూడ వచ్చినది.

ఆనాటి చిక్కును గ్రామసీమలు ఎరిగినవారు సులభంగా గ్రహించగలరు. ఖాజీ, ఖతీబు, ఇమాం, ముల్లా పదవులు చాలావరకు వంశపారంపర్యం. వాటికి ఇనాము భూములుండేవి. తండ్రి పోతే భూమి కొడుకుకు వచ్చేది. భూమితోపాటు పదవీ వచ్చేది. చదువు వచ్చినా సరే, రాకున్నా సరే. తెలంగాణ పల్లెలలో ముల్లా పని ఎంత! నిఖా చదవాలి, మృతులకు స్నానం చేయించాలి, జనాజా నమాజు నడపాలి. హిందువుల ఇంట పండుగనాడు మేకను జబహ్ చేయడానికి కూడ ఆయనే రావాలి. అట్టివాడు విధులు తెలియనివాడైతే ఒక ఆడపిల్ల వివాహమే తరువాత తగవులో పడవచ్చును. మహర్ ఎంతో, సాక్షులెవరో ఎవరు చెప్పాలి? అందుకే ఈ పదవులవారికి శిక్షణ, పరీక్ష ఉండాలన్నది మౌలానా పట్టిన పట్టు. వంశహక్కుకు చదువును షరతుగా పెట్టడం ఇనాముదారులకు రుచించే మాట కాదు. అయినా వారి సంస్కరణలన్నిటిలోకి మిన్న అయినది ఇదే అని ఈ వ్యాసకర్త తలంపు.

అయితే మతం పగ్గాలు సర్కారు చేతికిచ్చినపుడు మరొక ముఖమూ కనబడుతుంది. ఆ శాఖ అధికారం ముస్లిమేతరుల ఆరాధనాస్థలాల మీద కూడ ఉండుటచేత, మౌలానా గతించిన ఇరవై ఏళ్ళకు, 1938–39లో ఆర్యసమాజం హైదరాబాదులో సత్యాగ్రహానికి దిగినపుడు, ఆ శాఖ అనుమతుల నిబంధన ప్రధాన ఫిర్యాదులలో ఒకటైనది. సర్కారు కొలువును ధర్మం కోసం విడిచిన యువకుని కథను తలచుకొంటే, ఇతర మతస్థుల అంతరాత్మకు కూడ అంతే విలువ ఉండవలసినదని తోచక మానదు.

మఖాసిదుల్ ఇస్లాం అనే బృహద్గ్రంథాన్ని పదకొండు భాగాలుగా ఉర్దూలో రచించిన మౌలానా, హిజరీ 1336లో (1918) పరమపదించారు. జామియా నిజామియా ఆవరణలోనే వారి సమాధి ఉన్నది.

నిజాము రాజ్యం 1948లో అంతరించినది. వక్ఫు ఆస్తులు 1954 నాటి కేంద్ర చట్టం, పిదప 1995 నాటి చట్టం క్రిందికి వచ్చినవి. 2025లో దానికి సవరణ జరిగినపుడు సర్కారు చేయి ఎంతవరకు చొరవవచ్చునన్న పాత వాదమే దేశమంతటా మళ్ళీ వినబడినది. ఇమాము, ఖతీబు, ఖాజీ విధులకు సంబంధించిన పరీక్షలు మాత్రం మౌలానా నాటిన విద్యాలయంలో నేటికీ జరుగుతున్నవి.