అగాధమును దాటిన అజరయ్యగారు

నరకమెక్కడ నున్నదని వేదపాఠపు తరగతిలో బాలురు తరచుగా నడుగుచుందురు. అది భూమి క్రిందనా, ఆకాశమున కావలనా, అచ్చటి అగ్ని మన పొయ్యిలోని అగ్ని వంటిదేనా యని వారి సందేహము. సువార్తలలో ప్రభువు వాడిన గెహెన్న యను పేరు యెరూషలేమునకు దక్షిణమున నున్న హిన్నోము లోయ పేరు. పూర్వము దుష్టరాజులు తమ బిడ్డలను అగ్నిలో దహించి విగ్రహమునకు బలియిచ్చిన చోటది. అగ్ని, పురుగు, వెలుపటి చీకటి యని లేఖనములు చెప్పు గురుతులన్నిటిని ఒకచోట చేర్చి చూచితిమేని, వాని నడుమ నొక్క యర్థము స్థిరముగ నిలుచును. లోపల విందు జరుగుచుండగా, దీపములు వెలుగుచుండగా, వెలుపల నిలిచిపోయినవాని స్థితియే నరకము. అది దేవుని ముఖమునుండి ఎడబాటు.

ధనవంతుడును లాజరును గూర్చిన ఉపమానమును మన పిల్లలందరు ఎరుగుదురు. ఆ ధనవంతుడు లాజరును కొట్టలేదు, తిట్టలేదు, వాకిటినుండి తరిమివేయను లేదు. చూచియు చూడనివాడై ప్రతిదినము లోపలికి పోయి భుజించెను. మరణించిన పిమ్మట వారి యిరువురి నడుమ గొప్ప అగాధము కనబడెను. అది క్రొత్తగా త్రవ్వబడినది కాదు. బ్రతికియున్న దినములలో తన వాకిటనే అతడు కొంచెము కొంచెముగ త్రవ్వుకొన్నదే. యాతనపడుచు సయితము అతడు లాజరుతో మాటలాడడు. అబ్రాహాముతో మాత్రమే మాటలాడి, లాజరును నీళ్లు తెచ్చు పనివానిగా పంపుమని వేడును. ప్రభువు ఆ దరిద్రునికి పేరు పెట్టెను గాని ధనవంతునికి పేరు పెట్టలేదు. ఇది గమనింపదగిన సంగతి.

అగాధమనగా నేమో మన ప్రాంతమువారికి వేరుగ చెప్పనక్కరలేదు. 1965వ సంవత్సరమున భద్రాచలమునొద్ద వారధి తెరువబడక మునుపు, గోదావరి పొంగిన దినములలో పడవలు నిలిచిపోయెడివి. ఈవలి యొడ్డున నిలిచినవానికి ఆవలి దీపములు కనబడును గాని పోవుటకు దారి లేదు. ఇట్టి అగాధములు ఏటికే కాదు, ఊరికిని ఉండును, బల్లకును ఉండును. వానిని దాటుటకై ఆయుష్కాలమంతయు వెచ్చించిన యొకరి చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాను. ఆయన డోర్నకల్లు మొదటి బిషప్పు, వేదనాయకము సామ్యూలు అజరయ్యగారు.

ఆయన 1874వ సంవత్సరము ఆగష్టు 17వ తేదీని తిరునెల్వేలి సీమలోని వెళ్లాళన్‌విళై యను గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయకముగారు హిందూమతమునుండి క్రైస్తవుడై గురుపట్టము పొందినవారు. తల్లి ఎల్లెనమ్మగారు బహు భక్తురాలు. ఆయన బాలుడుగ నుండగనే తండ్రి మరణించెను. పిదప తల్లి క్రమశిక్షణయే ఆయనకు బలమాయెను.

మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుచుండగా పరీక్షా సమయమున జబ్బుపడి, పట్టము లేకుండనే కళాశాల విడిచిరి. పరీక్ష తప్పినంతనే బ్రతుకు తప్పినదని మూలకూర్చుండు పిల్లలు ఈ వాక్యమును రెండు మారులు చదువుకొనవలెను. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఈ పట్టము లేని మనుష్యునికే గౌరవార్థము న్యాయశాస్త్ర డాక్టరు పట్టము నిచ్చెను.

1895లో ఆయన వై.యం.సి.ఎ. సమాజపు కార్యదర్శియై దక్షిణదేశమంతయు తిరుగ నారంభించిరి. 1898లో అన్బు మరియమ్మాళ్‌గారిని కట్నము లేకుండ వివాహమాడిరి. ఆ కాలమున కళాశాల చదువు చదివిన స్త్రీలు తిరునెల్వేలి క్రైస్తవులలో మిక్కిలి అరుదు. ఆమె వారిలో నొకరు. తరువాతి కాలమున డోర్నకల్లు స్త్రీల పని యంతయు ఆమె చేతిమీదనే నడచెను.

1902లో అజరయ్యగారు సింహళమునందలి యాఫ్నాకు వెళ్లిరి. అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత ద్రవ్యముతో పరులకు సువార్త పంపుచుండుట చూచి, తమ తిరునెల్వేలి సంఘము అంతటి పురాతనమైనదయ్యు ఇట్టి పని చేయలేదే యని చింతించిరి. ఆ చింత ఊరక పోలేదు. 1903 ఫిబ్రవరిలో తిరునెల్వేలి ఇండియను మిషనెరీ సంఘము ఏర్పడెను. మనుష్యులు దేశీయులు, ద్రవ్యము దేశీయము, పెత్తనమును దేశీయమే. ఆ సంఘమువారు ఎన్నుకొన్న పొలము మన నిజాము రాజ్యములోని మానుకోట, డోర్నకల్లు ప్రాంతము. అడవి, చలిజ్వరము, తెలియని భాష. 1905 డిసెంబరు 25వ తేదీని శ్రీరాంపూరులో జాతీయ మిషనెరీ సంఘము స్థాపింపబడగా దానికిని ఆయనయే కార్యదర్శి యాయెను.

ఇచ్చట నొక సంగతి. ఇతరులను పంపుట సులభము. బల్లయొద్ద కూర్చుండి, పటము మీద వ్రేలు పెట్టి, నీవు అచ్చటికి పొమ్మని చెప్పవచ్చును. అజరయ్యగారికి ఇది సహింపరానిదిగ తోచెను. ముప్పదియైదేండ్ల వయస్సున, దేశమంతట పేరువచ్చిన ఉద్యోగమును విడిచి, 1909లో గురుపట్టము పొంది, భార్యాబిడ్డలతో తామే డోర్నకల్లు వచ్చిరి. గుడారములో కాపురముండి, ఆ వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొని, ఎద్దుబండి మీదను సైకిలు మీదను పల్లెలు తిరిగిరి.

1910 జూనులో స్కాట్లాండునందలి ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. సభికులలో అధికసంఖ్యాకులు ఐరోపీయులును అమెరికనులును. ఆసియావాసులు వ్రేళ్లమీద లెక్కింపదగినంత మందియే. అచ్చట అజరయ్యగారు లేచి, మిషనెరీలకును దేశీయ సేవకులకును నడుమ నున్న దూరమును దాచక చెప్పిరి. దొరలు ధనమిచ్చిరి, శ్రమపడిరి, ప్రాణములు సయితము ధారపోసిరి. అదంతయు ఆయన ఒప్పుకొనిరి. అయినను ఒక పనిలో ఏండ్లతరబడి కలిసి పాటుపడిన దేశీయుడు దొరగారి యింట భోజనమునకు కూర్చుండుట అరుదుగదా, స్నేహము లేక తక్కిన యీవులన్నియు కొరతపడుచున్నవి గదా యని వారి భావము. సభలో కొందరికి కోపము వచ్చెను. కొందరు తలలు వంచుకొనిరి. నా తలంపున ఆ దినమున ఆయన చూపినది ధనవంతుని వాకిలియే. వాకిటనున్నవానికి రొట్టె పంపుట వేరు, లోపలికి పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనుట వేరు. మిషను పాఠశాలలలో పనిచేయు మేము, దొరలైనను దేశీయులైనను, ఈ భాగమును త్వరపడి దాటిపోరాదు.

1912 డిసెంబరు 29వ తేదీని కలకత్తాలోని పరిశుద్ధ పౌలు దేవాలయమున ఆయన బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి పొందిన మొదటి హిందూదేశీయుడు ఆయనయే. ఆయనకిచ్చిన అధ్యక్షమండలము మొదట చిన్నది. తరువాత కృష్ణా, గోదావరి ప్రాంతపు సంఘములు దానిలో చేరెను. ఆయన జీవితాంతమునకు అందలి క్రైస్తవులు రెండులక్షలకు పైబడిరి.

వీరిలో నధికులు మాలలు, మాదిగలు. ఊరివారు వీరిని వెలుపల నుంచిరి. అంతటితో పోయినదా? మాలపల్లెకును మాదిగగూడెమునకును నడుమ మరియొక అగాధము. ఒకరి బావి నీరు ఒకరు త్రాగరు, ఒకరి యింట ఒకరు తినరు. ఊరు తమకు చేసినదానినే వారు ఒకరికొకరు చేసికొనిరి. వెలివేయబడినవాడు మరియొకని వెలివేసి తృప్తిపొందుట కంటె నరకమునకు దగ్గరి సంగతి ఈ లోకమున నేను ఎరుగను. అజరయ్యగారు దీనితో ఏ రాజీయు చేసికొనలేదు. ప్రభువు బల్లయొద్ద ఒక్క గిన్నె, ఒక్క రొట్టె. అందరు ప్రక్కప్రక్కనే మోకరించవలెను. ఇది ఒకనాటి ప్రసంగముతో తీరినది కాదు. సంవత్సరముల తరబడి పోరవలసి వచ్చెను. క్రమశిక్షణ విషయమున ఆయన కఠినులని పేరు. బల్లకు దూరముగ నుంచబడినవాడు ఎడబాటు రుచి నెరిగి తిరిగి రావలెనని ఆ శిక్షకు ఉద్దేశము గాని, వాడు పోవలెనని కాదు. తప్పిపోయిన కుమారుని తండ్రి తలుపునకు గడియ పెట్టలేదు గదా.

పల్లెలలో కొందరు ఉపదేశులు నరకాగ్ని పటములు చూపి జనులను భయపెట్టుట కలదు. భయముతో వచ్చినవాడు భయము తీరినంతనే పోవును. కోయగూడెములలో ఇది మరింత స్పష్టము. దయ్యములకు వెరచి వెరచి బ్రతికినవానికి మరియొక భయమును చేర్చుట సువార్త యెట్లగును? అజరయ్యగారి సంఘములలో ప్రభువు ప్రార్థన, విశ్వాసప్రమాణము, పది యాజ్ఞలు, సువార్త కథలు నిరక్షరాస్యులకు కంఠపాఠముగ నేర్పబడెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును సాక్షి కావలెనని ఆయన పట్టుదల. మాలమాదిగల నడవడిలో వచ్చిన మార్పును చూచి, 1930 ప్రాంతమున ఊరి రైతుకులములవారు సయితము వేలకొలది సంఘమున చేరిరి. ఎవరిని ఊరు వెలుపల నుంచెనో, వారి గూడెమునకే ఊరు నడచి వచ్చెను.

ఈ పని అందరికి నచ్చలేదు. ఇట్టి మతాంతరములను గాంధీమహాత్ముడు తీవ్రముగ నాక్షేపించెను. ఇరువురును దేశభక్తులే, ఇరువురును అంటరానితనమును ద్వేషించినవారే. ఐనను ఈ విషయమున ఏకీభవింపలేదు. అజరయ్యగారు తమ పనిని మానలేదు. అట్లని క్రైస్తవులు దేశజనులనుండి వేరై నిలువవలెనని ఆయన కోరినవారు కారు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించినవారిలో ఆయన ముఖ్యులు.

డోర్నకల్లు దేవాలయమును చూచినవారికి ఈ మనస్సు రాతిలో కనబడును. స్తంభములు హిందూ దేవాలయములవి వలె నుండును, గుమ్మటములును మీనారులును మహమ్మదీయుల కట్టడములను తలపించును, వాని నడుమ సిలువ. కరవుకాటకముల వలన పని యెన్నియో ఏండ్లు సాగి, 1939 జనవరి 6వ తేదీని అది ప్రతిష్ఠింపబడెను. కాజీపేట బెజవాడ మార్గమున పోవు పిల్లలు డోర్నకల్లులో దిగి దానిని చూడవలెను.

ఆయన కడపటి యాశ సంఘైక్యము. 1919లో తరంగంబాడి యందు ఆంగ్లికనులును ఇతర సంఘములవారును కూడి ఐక్యతను గూర్చి ఆలోచించిన సభకు ఆయన ముఖ్యులు. పాశ్చాత్యదేశముల వారి కలహములను మన గ్రామములకు మోసికొనివచ్చి, ఒకే ప్రభువును కొలుచువారిని వేరువేరు బల్లల యొద్ద కూర్చుండబెట్టుట ఆయనకు దుర్భరము. ఇరువది యైదేండ్లు సభలు, ఉత్తరములు, వాదములు. లండనులోని ధర్మజ్ఞులు ఒక్కొక్క పదమును తూకమువేయుచుండగా ఈయన ఓర్పుతో కాచుకొనిరి.

జీవించియున్నంతకాలము అగాధము స్థిరపడలేదు. ఉపమానములోని ధనవంతునికి ప్రతి ఉదయమును లాజరు వాకిటనే యుండెను, నాలుగడుగులు చాలును. అజరయ్యగారు బోధించిన నరకసిద్ధాంతమిదియని నేను వారి పేర చెప్పుటలేదు. వారి నడకను చూచి నేను గ్రహించిన దింతయే.

1945 జనవరి 1వ తేదీని ఆయన డోర్నకల్లులోనే పరమపదించిరి. దేవాలయ సమీపముననే సమాధి చేయబడిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీని మద్రాసులోని పరిశుద్ధ జార్జి దేవాలయమున దక్షిణహిందూదేశ సంఘము ఏర్పడి, ఆంగ్లికనులు, మెథడిస్టులు, ఐక్యసంఘమువారు ఒక్క బల్లయొద్ద కూడినప్పుడు, డోర్నకల్లు మండలమును వారిలో నుండెను.