కన్నీటితో వ్రాసిన తండ్రి

మార్టిన్ లూథర్‌గారిని మనము సంఘ సంస్కర్తగానే ఎరుగుదుము. 1517లో విటెన్‌బర్గులో 95 వాదములు వ్రాసినవారు, బైబిలును జర్మను ప్రజల భాషలోనికి తెచ్చినవారు. వేదశాస్త్ర కళాశాలలో మేమును ఆయనను అట్లే చదువుకొన్నాము. పరిచర్యలోనికి వచ్చి, చిన్న పెట్టెలను సమాధుల తోటకు మోసికొనిపోవు తండ్రుల ప్రక్కన నడిచిన తరువాతనే, ఆయనలోని తండ్రిని చూడగలిగాము.

1525లో ఆయన కేథరీనా ఫాన్ బోరాను వివాహమాడారు. దేవుడు వారికి ఆరుగురు బిడ్డల నిచ్చాడు. రెండవ బిడ్డ ఎలిజబెత్ 1528 ఆగస్టులో, ఎనిమిది నెలలు నిండకముందే కన్నుమూసింది. తండ్రి మనస్సు బిడ్డలకొరకు ఇంతగా కరుగునని తనకు మునుపు తెలియదని ఆయన ఒక స్నేహితునికి వ్రాశారు.

1529 మే నెలలో మాగ్దలేనా పుట్టింది. మరుసటి సంవత్సరము ఆయన కోబుర్గ్ కోటలో ఉండగా భార్య ఆ పసిబిడ్డ బొమ్మను పంపారు. ఆయన దానిని భోజనపు బల్లకు ఎదురుగా పెట్టుకొన్నారు.

1542 సెప్టెంబరులో, పదమూడేండ్ల ప్రాయములో, మాగ్దలేనా జబ్బుపడింది. అన్న హాన్సు టోర్గావులో చదువుకొంటున్నాడు. చెల్లి అతనిని చూడగోరుచున్నదని లూథర్‌గారు అక్కడి ఉపాధ్యాయునికి వ్రాసి, బండి పంపారు. కారణము బాలునికి చెప్పవద్దని కోరారు. సెప్టెంబరు 20న ఆమె తండ్రి చేతులలో నిద్రించింది.

మూడు దినముల తరువాత ఆయన యుస్టస్ యోనాస్‌గారికి ఉత్తరము వ్రాశారు. బిడ్డ ఈ లోక శ్రమలను తప్పించుకొన్నందుకు తానును భార్యయు దేవుని స్తుతించవలసినదేగాని, ఏడ్వకుండ స్తుతించుట తమవల్ల కావడము లేదని ఒప్పుకొన్నారు. క్రీస్తు మరణమును తలంచుకొన్నను ఆ బాధ పూర్తిగా తీరలేదనియు దాచలేదు. ఆమె సమాధికొరకు లాటిను పద్యములు కూర్చారు. వాటిలో మాటలాడునది తండ్రి కాదు, బిడ్డయే. ఆమె నోటనే క్రీస్తు రక్తమువలని రక్షణను పలికించారు.

అదే సంవత్సరము, ప్రసవ సమయమున బిడ్డలను పోగొట్టుకొన్న తల్లుల కొరకు ఒక చిన్న ఓదార్పు రచన చేసి, వారి నిట్టూర్పును దేవుడు ప్రార్థనగా ఆలకించునని బోధించారు. డిసెంబరులో హాన్సు బడిలో దిగులుపడుచుండగా, ఏడ్పును అణచుకొమ్మని, తల్లి దుఃఖమును పెంచవద్దని అతనికి వ్రాశారు. తనకు చేతకానిదానిని కుమారునికి చెప్పారు! మనమును అంతే కదా.

పరిచర్య తొలి దినములలో, బిడ్డను పాతిపెట్టిన ఒక తల్లితో విశ్వాసులు ఏడ్వరాదని మేము చెప్పాము. ఆమె ఏడ్పు మానింది. ఆలయమునకు వచ్చుటయు మానింది. కొన్ని నెలలకు వెళ్లి, క్షమించుమని అడిగి, ఆ బిడ్డను గూర్చి చెప్పుమన్నాము. పొద్దు గూకువరకు చెప్పింది. ఆమె పెద్దకుమారుడు ఆ ముచ్చటలన్నియు నోటుపుస్తకములో వ్రాసిపెట్టాడు. తరువాతి ఆదివారము ఆమె ఆలయములో తన చోట కూర్చుంది.

లాజరు సమాధియొద్ద మన ప్రభువే కన్నీరు విడిచాడు. నిరీక్షణ దుఃఖమును నిషేధించదు. దుఃఖమునకు తోడుగా నడుచును.

ఈ శతజయంతి వేళ మన భూస్థాపన రిజిస్టర్లను తిరగవేశాము. పసిబిడ్డల ప్రక్కన పేరు, తేదీ తప్ప మరేమియు లేదు. ప్రియులారా, మీ ఇంట అట్టి పేరొకటి ఉన్నయెడల, ఆ బిడ్డను గూర్చి మీకు తెలిసినది ఒక కాగితముమీద వ్రాసి, మీ కుటుంబ బైబిలులో ఉంచుడి. కన్నీరు కాగితముమీద పడినను ఫరవాలేదు.