ఆ వార్తను నమ్మలేకపోయిన హజ్రత్ ఉమర్ (రజి)

హజ్రత్ ఉమర్ (రజి) పేరు వినగానే మనకు గుర్తొచ్చేవి ఆయన న్యాయం, మాసికలు పడిన దుస్తులు, రాత్రివేళ మదీనా వీధుల్లో ప్రజల మంచిచెడ్డలు విచారిస్తూ తిరగటం. మన పిల్లలకు చెప్పే కథలు కూడా ఇవే. కాని ఆయన జీవితంలో మరో ఘట్టం ఉంది. తన కళ్లతో చూసిన దాన్ని జరగలేదని ఆయన వాదించిన రోజది. ఈ సంఘటనను మనం సాధారణంగా హజ్రత్ అబూబక్ర్ (రజి) స్థైర్యానికి నిదర్శనంగా చెప్పుకొని ముందుకు సాగిపోతాం. ఈసారి కాస్త ఉమర్ (రజి) దగ్గర ఆగుదాం.

ఆయన ఖురైష్ వంశంలోని బనూ అదీ తెగకు చెందినవారు. నచ్చని మాట వింటే చెయ్యి కత్తి మీదికి పోయే స్వభావం. ఇస్లాం పిలుపు మక్కాలో మొదలైన కొత్తల్లో దాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. దైవప్రవక్త (స)ను హతమార్చాలని బయలుదేరి, సొంత చెల్లెలు ఫాతిమా (రజి) ఇంట్లోనే ఖుర్ఆన్ పారాయణం జరుగుతోందని తెలిసి అటు మళ్లిన వృత్తాంతం సీరత్ గ్రంథాల్లో ప్రసిద్ధమైనదే. ఆయన కొట్టిన దెబ్బకు చెల్లెలి ముఖాన రక్తం కారింది. ఆ రక్తం చూశాక ఆయన కోపం దిగిపోయింది. 'తాహా' సూరా చదివారు. అటునుంచి అటే ప్రవక్త (స) సన్నిధికి వెళ్లి ముస్లిమయ్యారు. ఎంత గట్టిగా కాదన్నారో, నిజం తెలిశాక అంత త్వరగానూ లొంగిపోయారు. 6వ హిజ్రీలో హుదైబియా ఒడంబడిక సమయంలోనూ అంతే. ఆ షరతులు ఆయనకు మింగుడు పడలేదు. ముందు ప్రవక్త (స)ను, ఆ తర్వాత అబూబక్ర్ (రజి)ను ప్రశ్నించారు. ఇద్దరి నుంచీ ఒకటే జవాబు వచ్చింది. ఆనాటి తన తొందరపాటుకు పరిహారంగా ఆ తర్వాత ఎన్నో పుణ్యకార్యాలు చేశానని ఆయనే చెప్పుకునేవారు.

ఇక 11వ హిజ్రీ (క్రీ.శ. 632) రబీవుల్ అవ్వల్ మాసంలోని ఆ సోమవారం సంగతికి వద్దాం.

ప్రవక్త (స) కొన్నాళ్లుగా జబ్బుపడి ఉన్నారు. ఆ రోజు ఫజ్ర్ వేళ అబూబక్ర్ (రజి) నమాజు చేయిస్తుండగా, ఆయన (స) హజ్రత్ ఆయిషా (రజి) గది తెర తొలగించి, బారులు తీరి నిలబడిన అనుచరులను చూసి చిరునవ్వు నవ్వారు. ఆ ముఖం చూసి వారి ప్రాణాలు లేచివచ్చాయి. నమాజులో ఉన్నామన్న సంగతి మరచిపోయేటంత సంతోషం. జబ్బు నెమ్మదించిందన్న ధీమాతో అబూబక్ర్ (రజి) మదీనా శివార్లలోని సున్హ్‌లో ఉన్న తమ ఇంటికి వెళ్లారు. పొద్దెక్కాక ప్రవక్త (స) కన్నుమూశారు.

మనలో ఆప్తులను పోగొట్టుకున్న వారికి ఈ సంగతి తెలుసు. పొద్దున నవ్విన మనిషి మధ్యాహ్నానికి లేడంటే మనసు ఒప్పుకోదు. పైగా ఇక్కడ పోయింది ఒక ఇంటి పెద్ద కాదు. ఆయన (స)తో పాటే వహీ కూడా ఆగిపోయింది. ఉమర్ (రజి)కి ఆయన (స) ప్రవక్త, నాయకులు, కుమార్తె హఫ్సా (రజి) భర్త కూడా.

ముస్నద్ అహ్మద్‌లోని ఒక ఉల్లేఖనం ప్రకారం ఉమర్ (రజి), ముగీరా బిన్ షోబా (రజి) అనుమతి తీసుకొని లోపలికి వెళ్లి ఆయన (స)ను చూశారు. ఉమర్ (రజి)కి అది మరణంగా కనిపించలేదు. ఎంత గాఢంగా స్పృహ తప్పిందోనని మాత్రం అన్నారు. బయటికొస్తూ గుమ్మం దగ్గర ముగీరా (రజి) అసలు సంగతి చెప్పబోతే అబద్ధమాడుతున్నావని గద్దించారు. ఆ తర్వాత మస్జిద్‌లో జనం ముందు నిలబడ్డారు. మూసా (అలైహిస్సలాం) నలభై రాత్రులు తన ప్రభువు సన్నిధికి వెళ్లి తిరిగొచ్చినట్లే ప్రవక్త (స) కూడా తిరిగొస్తారని, ఆయన చనిపోయారని పుకారు పుట్టించే కపటుల కాళ్లూ చేతులూ నరికిస్తారని ప్రకటించారు. గమనించండి. దుఃఖం కూడా తన వాదానికి సాక్ష్యాలు వెతుక్కుంటుంది. ఆయన తెచ్చిన సాక్ష్యం ధర్మగ్రంథంలోనిదే!

కబురందుకున్న అబూబక్ర్ (రజి) గుర్రం మీద వచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా లోపలికి వెళ్లి, కప్పిన యెమెన్ దుప్పటి తొలగించి, ప్రవక్త (స) ముఖాన్ని ముద్దాడి ఏడ్చారు. బయటికొచ్చి ఉమర్ (రజి)ని కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. ఇక ఆయనతో వాదించకుండా జనం వైపు తిరిగారు. ముహమ్మద్ (స)ను ఆరాధించేవారుంటే ఆయన మరణించారని, అల్లాహ్‌ను ఆరాధించేవారికి అల్లాహ్ సజీవుడని, ఆయనకు మరణం లేదని చెప్పి, ఆలి ఇమ్రాన్ సూరాలోని 144వ ఆయతు చదివారు. ముహమ్మద్ (స) ఒక ప్రవక్త మాత్రమేనని, ఆయన మరణిస్తే మీరు వెనుదిరిగి పోతారా అని నిలదీసే ఆయతు అది.

అది కొత్త ఆయతు కాదు. 3వ హిజ్రీలో ఉహుద్ యుద్ధంలో ప్రవక్త (స) చనిపోయారన్న వదంతితో ముస్లిములు చెల్లాచెదురైన సందర్భంలో అవతరించింది. అంటే ఏడేళ్లకు పైగా ఉమర్ (రజి) వింటున్నదే, చదువుతున్నదే. అయినా ఆ రోజు దాన్ని మొదటిసారి వింటున్నట్లనిపించిందని, కాళ్లు తన బరువు మోయలేక నేల మీద కూలిపోయానని, ప్రవక్త (స) నిజంగా వెళ్లిపోయారని అప్పుడే తెలిసిందని ఆయనే చెప్పారు.

మర్నాడు మస్జిద్‌లో అందరి ఎదుటా లేచి, నిన్న తానన్న మాటకు అల్లాహ్ గ్రంథంలో గాని, ప్రవక్త (స) తనకు చెప్పినవాటిలో గాని ఆధారం లేదని, ఆయన (స) మనందరి తర్వాతే వెళతారని ఆశపడ్డానని ఒప్పుకున్నారు. నిన్న గద్దించిన జనం ముందే ఈ మాట! మనమైతే ఆ సంగతి ఎవరూ ఎత్తకుంటే చాలనుకుంటాం.

నిజాన్ని ఒప్పుకున్నంత మాత్రాన బాధ పోదు. అబూబక్ర్ (రజి) ఖిలాఫత్‌లో యమామా యుద్ధంలో ఉమర్ (రజి) అన్న జైద్ (రజి) షహీద్ అయ్యారు. తూర్పు గాలి వీచినప్పుడల్లా అన్న గుర్తొస్తున్నాడని ఆయన అంటుండేవారు. కాని ఇస్లాం స్వీకరించడంలోనూ షహాదత్ పొందడంలోనూ అన్న తనకన్నా ముందున్నాడన్నారే గాని, పోలేదని అనలేదు.

పదేళ్లకు పైగా ఖలీఫాగా ఉన్నాక, 23వ హిజ్రీ (క్రీ.శ. 644) జుల్‌హిజ్జా మాసం చివరలో, ఫజ్ర్ నమాజులో అబూలూలూ అనే బానిస ఆయన్ను విషం పూసిన బాకుతో పొడిచాడు. ఇంటికి మోసుకొచ్చారు. ప్రజలకు అంతకుముందెన్నడూ ఏ ఆపదా రానట్లే ఉందట ఆ రోజు. ఏం ఫర్వాలేదని కొందరు, భయంగా ఉందని కొందరు. ఖర్జూరపు పానీయం తాగిస్తే గాయం గుండా బయటికొచ్చింది. రక్తమేమోనన్న అనుమానం మిగిలింది. అన్సార్లకు చెందిన మరో వైద్యుడు పాలు తాగించాడు. తెల్లని పాలే గాయం నుంచి కారాయి. చెప్పవలసినవి చెప్పుకోండని వైద్యుడు సూచించాడు. అతడు నిజం చెప్పాడని, మరో విధంగా చెప్పి ఉంటే తాను నమ్మేవాణ్ణి కాదని ఉమర్ (రజి) అన్నారు. డాక్టరు చెప్పిన మాట రోగి చెవిన పడకుండా మన ఇళ్లలో ఎంత తంటాలు పడతామో తెలిసిందే. అక్కడ దాచవలసిన అవసరమే రాలేదు.

అప్పులు లెక్క కట్టమన్నారు. సుమారు 86 వేల దిర్హమ్‌లు తేలాయి. ముందు తన కుటుంబం సొమ్ముతో, చాలకపోతే బనూ అదీ వారిని, ఆ తర్వాత ఖురైష్‌ను అడిగి తీర్చమని కొడుకు అబ్దుల్లాహ్ (రజి)కు అప్పగించారు. కొత్త ఖలీఫా ఎంపికకు ఆరుగురి పేర్లు చెప్పారు. తమ ఇద్దరు సహచరుల పక్కన ఖననానికి అనుమతి కోరుతూ ఆయిషా (రజి) దగ్గరికి కొడుకును పంపారు. ఖలీఫా అని కాక, ఉమర్ అని మాత్రమే చెప్పమన్నారు. ఆ చోటు తనకోసం అనుకున్నానని చెప్పి ఆమె ఇచ్చేశారు. అయినా ఆయన, ప్రాణం పోయాక జనాజాను ఆమె వాకిట ఆపి మళ్లీ అడగమన్నారు. కాదంటే సామాన్య ముస్లిముల ఖబరస్తాన్‌కు తీసుకుపొమ్మన్నారు.

జనాజాను వాకిట ఆపి అబ్దుల్లాహ్ (రజి) సలాం చేసి మళ్లీ అడిగారు. లోపలికి తీసుకురమ్మని ఆమె అన్నారు.