జార్జి లెమైత్ర్

జార్జి లెమైత్ర్ (జూలై 17, 1894 – జూన్ 20, 1966) బెల్జియం దేశానికి చెందిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త మరియు రోమన్ కాథలిక్ మతగురువు. మహావిస్ఫోట సిద్ధాంతానికి ఆద్యులలో ఒకడు.

జీవిత విశేషాలు

ఈయన షార్లెరువా పట్టణంలో జన్మించాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం ఫిరంగి దళంలో పనిచేశాడు. యుద్ధానంతరం గణితము, భౌతిక శాస్త్రము అభ్యసించి, 1923లో మతగురువుగా అభిషిక్తుడయ్యాడు. పిదప కేంబ్రిడ్జిలో ఆర్థర్ ఎడింగ్టన్ వద్ద పరిశోధన చేశాడు. అనంతరం లూవెన్ కాథలిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు.

పరిశోధనలు

విశ్వం వ్యాకోచిస్తున్నదని 1927లో ప్రతిపాదించాడు. ఐన్‌స్టీన్ తొలుత దీనిని అంగీకరించలేదు. 1929లో హబుల్ ప్రకటించిన పరిశీలనలు ఈ భావనకు బలం చేకూర్చాయి. విశ్వమంతయు ఒక ఆదిమ పరమాణువు నుండి ఆవిర్భవించిందని 1931లో లెమైత్ర్ సూచించాడు.

విజ్ఞానము, మతవిశ్వాసము

మతగురువు గనుకనే సృష్టివాదాన్ని విజ్ఞానంలోకి చొప్పిస్తున్నాడని కొందరు శాస్త్రజ్ఞులు ఈయనను శంకించారు. 1951లో పన్నెండవ పయస్ పోపు, నూతన ఖగోళ విజ్ఞానం సృష్టికర్త ఉనికికి సాక్ష్యమిస్తున్నదన్న భావంతో ప్రసంగించాడు. తన సిద్ధాంతానికి లభించిన ఈ మద్దతు లెమైత్ర్‌కు రుచించలేదు. భౌతిక సిద్ధాంతం రేపు తప్పని తేలవచ్చును. విశ్వాసాన్ని దానిపై నిలుపరాదు. ఆస్తికుడైనా, భౌతికవాదియైనా దానిని స్వీకరించవచ్చునని ఈయన అభిప్రాయం. 1952లో రోములో ఖగోళ శాస్త్రజ్ఞులనుద్దేశించి ప్రసంగించినపుడు పోపు ఆ వాదాన్ని పునరుద్ఘాటించలేదు.

చివరి దశ

1960 నుండి మరణించేవరకు పోపు ఆధ్వర్యంలోని విజ్ఞాన పరిషత్తుకు అధ్యక్షుడుగా ఉన్నాడు. మహావిస్ఫోటానికి నిదర్శనమైన విశ్వ సూక్ష్మతరంగ వికిరణం కనుగొనబడిన వార్త మరణానికి కొద్ది ముందు ఈయనకు తెలిసింది. 2018లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య హబుల్ నియమాన్ని హబుల్–లెమైత్ర్ నియమంగా పిలువవలెనని సిఫారసు చేసింది.